వడ్రంగి షెడ్డు గోడలకు ఏ రంగు, ఏ ఫినిషింగ్?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం దగ్గర మా ఇంటి పెరట్లో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల షెడ్డు కట్టించుకుని, ఉద్యోగ విరమణ తరువాత అందులో బల్లలు, కుర్చీలు చేసుకుంటున్నాను. గోడలు ఇటుకవి, ఎత్తు 10 అడుగులు, పైన సిమెంటు రేకులు. ప్లాస్టరింగు పూర్తయి రెండు నెలలైంది కాని ఇంతవరకు ఏ పూతా వేయించలేదు. సిమెంటు రంగు వెలుతురునంతా మింగేస్తోంది. మబ్బు పట్టిన రోజున చిత్రిక పట్టిన చెక్క మీద ఎత్తుపల్లాలు కంటికి ఆనడం లేదు, వేలితో తడిమి చూసుకోవలసి వస్తోంది.

పెయింటర్ మేస్త్రి గోడంతా ఆకుపచ్చ ఎనామెల్ (మెరిసే నూనె రంగు) వేయిద్దామంటున్నారు. తడిగుడ్డతో తుడిస్తే చాలు, పదేళ్లు చూసుకోనక్కరలేదన్నది ఆయన వాదన. రంగుల దుకాణం ఆయనేమో తెల్ల ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) చాలునంటున్నారు. పడమటి గోడకు కింద రెండడుగుల మేర ఈ వానలకు చెమ్మ కనిపించిందన్న సంగతి కూడా చెప్పాలి. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

లేతు మేస్త్రి, బాలానగర్:
మాది లేతు పని. మొదట్లో ఖర్చుకు వెనకాడి నాలుగు గోడలకూ సున్నం కొట్టించాను. లేతులో ముక్కను బిగించి తిప్పే చక్‌కు ఎదురుగా ఉన్న గోడ మీద మూడు నెలలు తిరగకుండానే కటింగ్ ఆయిల్ చుక్కలు విసనకర్ర ఆకారంలో పరుచుకున్నాయి. సున్నం నూనెను లోపలికి పీల్చేసుకుంది కాబట్టి తుడిచినా పోలేదు, పైన మళ్లీ సున్నం వేసినా పసుపు మరక పైకి తేలింది. ఆ తరువాత అయిదడుగుల ఎత్తు వరకు బూడిదరంగు ఎనామెల్, ఆ పైన తెలుపు వేయించాను. ఇప్పుడు కిరోసిన్ గుడ్డతో ఒకసారి తుడిస్తే గోడ శుభ్రమైపోతుంది.

అయితే పై భాగానికి కూడా మెరిసే ఎనామెలే వేయించడం నేను చేసిన పొరపాటు. ట్యూబులైటు ప్రతిబింబం గోడలోనుంచి నేరుగా కళ్లలోకి కొట్టేది, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ మీద గీతలు చదవడానికి తల అటూ ఇటూ తిప్పుకోవలసి వచ్చేది. మరుసటి ఏడాది దాన్ని గీకించి మెరుపు లేని మ్యాట్ ఎమల్షన్ వేయించాక గాని ఆ బాధ తీరలేదు. కాబట్టి చేయి, నూనె, దుమ్ము తగిలే ఎత్తు వరకే మెరుపు ఉంచండి, దాని పైన వద్దు.

గాజువాక ఫ్యాబ్రికేషన్:
గోదావరి గట్టు గారికి వెల్డింగు పని లేదు కాని, ఈ చర్చను చదివే ఇతరులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మా షెడ్డులో అడ్డుగా పెట్టిన రేకుకు తుప్పు పట్టకుండా వెండి రంగు అల్యూమినియం పెయింటు వేశాము. నేను ముఖానికి షీల్డు పెట్టుకునే పని చేసినా, వెనకనున్న రేకు మీద పడి తిరిగివచ్చిన వెల్డింగు ఆర్కు వెలుగు షీల్డు పక్కనుంచి లోపలికి దూరింది. పగలంతా ఏమీ తెలియలేదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయింది. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు చేసిన పని అది. తెల్ల పెయింటులో వాడే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ కంటికి తెల్లగా కనిపించినా అతినీలలోహిత కిరణాలను చాలావరకు పీల్చుకుంటాయి. అందువల్ల వెల్డింగు చేసే చోట మెరుపు లేని తెలుపు గాని లేత బూడిదరంగు గాని వేయవచ్చును, వెండి రంగు మాత్రం పనికిరాదు.

బొమ్మల వీధి, కొండపల్లి:
మేస్త్రి గారు చెప్పిన ఆకుపచ్చకు నేను గట్టిగా అడ్డు చెబుతాను. మా ఇంట్లో తరతరాలుగా తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తున్నాము. రంగులు వేసే గదికి ఒకప్పుడు చల్లగా ఉంటుందని లేత ఆకుపచ్చ వేయించాము. గోడ మీద పడిన వెలుతురు ఆ ఛాయను వెంటబెట్టుకుని వచ్చి పని మీద పడుతుందని అప్పుడు మాకు తట్టలేదు. దశావతారాల సెట్టులో ముఖాలకు కలిపిన పసుపు, గదిలో చక్కగా కుదిరినట్టు కనిపించి, వరండాలోకి తెచ్చేసరికి నారింజ వైపు వాలిపోయింది. గోడ ఇచ్చే పచ్చదనాన్ని సరిచేయడానికి మా చేయి తెలియకుండానే ఎరుపు ఎక్కువ కలిపిందన్నమాట. పది సెట్లు మళ్లీ వేయవలసి వచ్చింది.

టేకుకు పాలిష్ పెట్టేటప్పుడు మీకూ ఇదే ఎదురవుతుంది. తెలుపే వేయండి. అందులో కూడా క్రీము, దంతం ఛాయల జోలికి పోకండి. 6500 కెల్విన్ (దీపపు వెలుగు ఛాయను తెలిపే కొలత) ఎల్‌ఈడీ కింద చెక్క నీలంగా పాలిపోయినట్టు ఉంటుంది కాబట్టి, 4000 కెల్విన్ దీపం ఒకటి పెట్టుకుని షేడ్ కార్డును దాని కిందే చూసి ఎంచుకోవడం మంచిది.

పాత సైటు ఇంజినీరు:
రంగు సంగతి తేలింది, కాని గోడ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. కొత్త ప్లాస్టరులో క్షారం ఉంటుంది. చెమ్మ కూడా తోడైతే అది నూనె ఆధారిత ఎనామెల్‌లోని నూనెతో కలిసి దాన్ని సబ్బుగా మార్చేస్తుంది. గోడ జిగటగా తయారై, గోరు పెడితే పొర ఊడివస్తుంది. ప్లాస్టరును కనీసం 28 రోజులు వదిలేయాలన్న నియమం మీకు దాటిపోయినా, చెమ్మ ఉన్నంతకాలం ఆ లెక్కకు అర్థం లేదు. రెండడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి మర్నాడు చూడండి. లోపలివైపు నీటి చుక్కలు పడితే గోడ ఇంకా తడిగానే ఉందని లెక్క.

పడమటి గోడ కింది భాగానికి, లేతు మేస్త్రి గారు క్షమించాలి, ఎనామెల్ వద్దు. అక్కడ సున్నమే వేయండి. అది గోడను గాలి పీల్చుకోనిస్తుంది, ఉప్పు పొంగినా చీపురుతో దులిపి మళ్లీ వేసుకోవచ్చును. ఆ సున్నం మీద మాత్రం తరువాత ఎమల్షన్ వేయకండి, పెచ్చులుగా రాలుతుంది. పాత షెడ్డులో పని చేసేవారికి ఇంకొక మాట. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది, అంతకు ముందటి ఎనామెల్‌ను పొడిగా గీకితే లేచే ధూళి పీల్చదగినది కాదు. తడిపి గీకించండి.

లేతు మేస్త్రి, బాలానగర్:
ఇంజినీరు గారి మాటకు నాకు అభ్యంతరం లేదు. మా నేల రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు, చెమ్మ అన్నది మాకు తెలియదు.

గోదావరి గట్టు:
నాలుగు నెలల తరువాత రాస్తున్నాను. పాలిథీన్ పరీక్షలో పడమటి గోడ తప్ప మిగిలినవి పొడిగా తేలాయి. మూడు గోడలకు నాలుగడుగుల వరకు లప్పం పెట్టించి లేత బూడిదరంగు శాటిన్ (కొద్దిపాటి మెరుపుండే) ఎమల్షన్, పై భాగమంతా తెల్ల మ్యాట్ వేయించాను. పైన అరలు బిగించేందుకు ఎలాగూ మేకులు దిగుతాయి కాబట్టి అక్కడ లప్పం పెట్టించలేదు. లెక్క ప్రకారం అయిదు లీటర్లు సరిపోవలసిన చోట ఆ గరుకు గోడ ఏడు లీటర్లు తాగింది. రంపపు పొట్టు మ్యాట్ మీద నిలుస్తోంది కాని, పొడి చీపురుతో రాలిపోతోంది. కింద శాటిన్‌ను తడిగుడ్డతో తుడుస్తున్నాను.

పడమటి గోడకు కింద సున్నమే కొట్టించాను. చెమ్మ ఆరిన చోట తెల్లటి ఉప్పు కొంచెం లేచింది, దులిపేశాను. నేను ఊహించనిది ఒకటే. ఆ గోడకు ఆనించిన టేకు పలకల అంచులకు సున్నం అంటుకుని, చిత్రిక పట్టేటప్పుడు కత్తి మొద్దుబారింది. ఇప్పుడు పలకలను గోడకు మూరెడు దూరంలో వేసిన స్టాండు మీద పెడుతున్నాను.