బిల్లుండ్ లెగో టికెట్లు: మూడు గంటలుగా ఒక్క తేదీ కూడా నొక్కనివ్వడం లేదు, కాస్త చెప్పండి

కోపెన్‌హేగన్ నాన్న
అందరికీ నమస్కారం. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, పన్నెండు దాటింది, పని మాత్రం అంగుళం కదల్లేదు. ఇక్కడ డెన్మార్క్‌లో లెగో పుట్టిన ఊరు బిల్లుండ్ వెళ్ళి పిల్లలతో ఒక రోజంతా ఆ ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మలు కట్టించాలని టికెట్లు తీయబోతే క్యాలెండర్లో తేదీలన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి. ఫోన్లో చూశా, ల్యాప్‌టాప్‌లో చూశా, మా ఆవిడ ఫోన్లో కూడా చూశా, అదే వరస. అమ్మానాన్నలు నరసరావుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది, ఈ చలికి గడప దాటలేదు, ఉగాదికి ఇంటి దగ్గరుండాలని ఇప్పటికే సంచులు సర్దుతున్నారు. మా పెద్దోడికి ఆరేళ్ళు, తాతయ్యతో కలిసి కడతానని రోజూ పడుకునే ముందు అడుగుతున్నాడు. వాడికి మాటిచ్చేశా. టికెట్లు అయిపోయాయా, లేక మన కార్డుతో ఏమైనా సమస్యా? తెలిసినవాళ్ళు వెంటనే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

వైలె వాసి
ఏ తేదీ? లెగోలాండా, లెగో హౌసా?

లక్కబొమ్మ
సోదరా, మీ ఆరాటం అర్థమైంది, కానీ ఒక మాట చెప్పనివ్వండి. తాతయ్యతో మనవడు బొమ్మ చేయడమంటే నాకు మొదట గుర్తొచ్చేది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఊరు, అంకుడు కర్రని లేత్ యంత్రం మీద తిప్పుతూ లక్క అద్దుతుంటే ఆ రాపిడి వేడికి రంగు కర్రకి పట్టేస్తుంది, ఎదురుగా నిలబడి చూస్తే పిల్లలు కదలరు. కొండపల్లిలో అయితే తెల్ల పొణికి కర్రతో చేతులు వేరే, తల వేరే చెక్కి, చింతపిక్కల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ముక్కలు కలిపి బొమ్మ కట్టడం మనకేం కొత్త కాదు. మీ పిల్లాడికి ప్లాస్టిక్ కంటే ముందు అది చూపించాల్సింది. లెగో మొదలుపెట్టిన ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ కూడా బిల్లుండ్‌లో వడ్రంగే. 1932లో చెక్క బొమ్మలతోనే మొదలుపెట్టాడు. 1960లో చెక్క బొమ్మల గోడౌను కాలిపోయాక ఇక ప్లాస్టిక్ ఒక్కటే చాలనుకున్నారు. ఆ మంట పడకపోయి ఉంటే ఈరోజు కథ ఇంకోలా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

కోపెన్‌హేగన్ నాన్న
అన్నా, మీరు చెప్పింది బాగుంది, ఏటికొప్పాక తప్పకుండా చూపిస్తా. కానీ నేనిప్పుడు డెన్మార్క్‌లో ఉన్నా, అర్ధరాత్రి, టికెట్లు కావాలి.

వైలె వాసి
తేదీ చెప్పలేదు ఇంకా.

కోపెన్‌హేగన్ నాన్న
మార్చి మొదటి శనివారం. లెగోలాండ్, లెగో హౌస్ రెండూ ఒకటే కదా? నేను వెతికితే ముందు వచ్చింది తెరిచా.

వైలె వాసి
ఒకటి కాదు. మీరు తెరిచింది లెగోలాండ్ అయి ఉంటుంది. చలికాలం మూసేస్తారు, మళ్ళీ మార్చి చివర్లో గానీ తెరవరు. కార్డు సమస్య కాదు.

పిల్లల అమ్మ, ఓర్హూస్
కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రెండేళ్ళ కిందట మేమూ సరిగ్గా ఇక్కడే బోల్తా పడ్డాం. ఒకే ఊళ్ళో రెండు వేరు వేరు చోట్లు. లెగోలాండ్ అంటే 1968లో తెరిచిన పెద్ద పార్కు, ఆరుబయట రైడ్లు, బుల్లి ఊళ్ళు, విమానాశ్రయం పక్కనే ఉంటుంది, నడిపేది మెర్లిన్ అనే వేరే సంస్థ. లెగో హౌస్ ఊరి నడిమధ్య ఉన్న తెల్లటి భవనం, 2017 సెప్టెంబరులో తెరిచారు, లెగో వాళ్ళదే, అంతా లోపలే, కాబట్టి మీ పెద్దవాళ్ళకి చలి బాధ ఉండదు. రెండింటికీ సైట్లు వేరు, టికెట్లు వేరు. పిల్లలు కూర్చుని కట్టడం మీకు ముఖ్యమైతే లెగో హౌసే వెళ్ళండి.

లోపల రంగుల వారీగా నాలుగు భాగాలుంటాయి. ఎరుపులో గుట్టలు గుట్టలుగా ముక్కలు, ఏది తోస్తే అది కట్టుకోవడమే. నీలంలో బండి కట్టి వాలు మీద వదిలి పరుగెత్తిస్తారు. ఆకుపచ్చలో బొమ్మల్ని ఒక్కో ఫొటోకీ కాస్త జరుపుతూ సినిమా తీస్తారు. మా మామగారికి మోకాళ్ళ నొప్పులు, ఒక మూల కూర్చుంటానన్నారు. నీలం భాగంలో మా వాడి బండి వాలు దిగగానే చక్రం ఊడి పడింది, అంతే, ఆయన లేచి వచ్చి ఇరుసు ఇలా కాదురా అని మొదలుపెట్టారు, గంటన్నర అక్కడే. పసుపులో చేపను కట్టి ఒక పెట్టెలో పెడితే అది ఎదురుగా పెద్ద తెర మీద నీళ్ళలో ఈదుతుంది. మా అత్తగారు నల్ల ముక్కలు ఒక్కొక్కటే ఏరి పొడుగ్గా కొరమీను కట్టారు. అది తెర మీద ఒక్కసారి తోక ఊపి తిరిగేసరికి ఆవిడ దగ్గరకెళ్ళి అరచేయి ఆనించి నిలబడిపోయారు. పిల్లలు పిలుస్తున్నా రాలేదు. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

చేతికి ఒక పట్టీ ఇస్తారు, ప్రతి చోటా దాన్ని ఆనిస్తే మీరు కట్టినవీ మీ ఫొటోలూ దాచిపెడుతుంది, తర్వాత ఇంట్లో చూసుకోవచ్చు. ముందుగా తెలియక మేం సగం చోట్ల ఆనించలేదు. మీరు అలా చేయకండి.

తిండి గురించి: అక్కడి మినీ షెఫ్ హోటల్లో ఏం కావాలో ముక్కలతోనే కట్టి బల్ల దగ్గరి యంత్రంలో పెడితే ఆర్డరు వెళ్తుంది, భోజనం డబ్బాల్లో సుడి తిరిగే దారి మీదుగా దిగొస్తుంది, రెండు రోబోలు అందిస్తాయి. శాకాహారం దొరికింది మాకు. కాకపోతే పెద్దవాళ్ళకి అందులో ఉప్పూ కారం ఆనవు, దారిలోకి పులిహోర కలిపి పట్టుకెళ్ళండి.

పదాల వేట
మంచి సమాచారం అండి. ఒక చిన్న సవరణ. ముక్కలు అని రాస్తున్నారు, లెగో ఇటుకలు అనడమే సరి. ప్రపంచమంతా ఇటుకలనే అంటోంది.

వైలె వాసి
ఇక్కడివాళ్ళు ఇటుక అనరు. డేనిష్‌లో ఇల్లు కట్టే ఇటుక మూర్‌స్టేన్, దీన్ని క్లొస్ అంటారు. క్లొస్ అంటే దిమ్మ.

పదాల వేట
అయితే దిమ్మ అనాలా? దిమ్మ అంటే మనకి ఇంటి ముందు కూర్చునే అరుగు లాంటిది గుర్తొస్తుంది. ఆరు సెంటీమీటర్లు కూడా లేనిదాన్ని దిమ్మ అంటే పిల్లలకి బొమ్మ కట్టదు మనసులో. ఇటుక అయితే ఒకదాని మీద ఒకటి పేర్చేది అని వెంటనే తెలుస్తుంది. అసలు లెగో అన్న పేరే లే గొత్ అన్న రెండు మాటల నుంచి వచ్చింది, బాగా ఆడు అని అర్థం. పేరు ఎంత శ్రద్ధగా పెట్టారో చూడండి, మనమూ అంత శ్రద్ధ పెట్టాలి.

పిల్లల అమ్మ, ఓర్హూస్
మా ఇంట్లో ముక్కలే అంటాం అండి. పిల్లలకి అర్థమైతే చాలు.

లెక్కల మాస్టారు
ఇటుకో దిమ్మో, లెక్క మాత్రం అందరూ వినాల్సింది. లెగో హౌస్‌లో ఒక అచ్చు యంత్రం ఉంటుంది, మీ కళ్ళముందే తయారైన ఎర్రటివి ఆరు సంచిలో వేసి ఇస్తారు, దాంతోపాటు వాటిని ఎలా కలపాలో చూపించే కార్డు ఒకటి, ఒకరి కార్డు ఇంకొకరికి రాదు. ఎలా సాధ్యం అంటారా? ఎనిమిది బుడిపెలున్నవి రెండుంటే 24 రకాలుగా కలపొచ్చు. మూడుంటే 1,060. ఆరుంటే 91,51,03,765. చాలా ఏళ్ళు ఈ సంఖ్యని పది కోట్ల చిల్లర అని చెప్పుకున్నారు, అది ఆరూ ఒకదాని మీద ఒకటి ఆరు అంతస్తులుగా నిలబెడితే వచ్చే లెక్క మాత్రమే. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్ తదితరులు కంప్యూటరుతో ఒక్కొక్కటీ లెక్కపెట్టి సరిచేశారు. మీ అబ్బాయితో రెండింటి 24 ముందు ఇంట్లోనే చేయించండి, కాగితం మీద గీస్తూ. నేను మా తరగతిలో చేయించా, ఇరవై దాకా అందరూ వస్తారు, చివరి నాలుగు దగ్గర కొట్టుకుంటారు.

లక్కబొమ్మ
మాస్టారూ, ఈ లెక్క నాకు తెలియదు, చాలా బాగుంది. కానీ చూడండి, అది కూడా ఎవరో అచ్చు పోసిన ముక్కే. కొండపల్లిలో ఒక్క ఏనుగు ఇంకో ఏనుగులా ఉండదు.

లెక్కల మాస్టారు
ఒప్పుకుంటా. కానీ 1958లో పేటెంటు తీసుకున్న ముక్క ఈరోజు కొన్న ముక్కకి అతుక్కుంటుందంటే ఆ కొలతలో ఉన్న పనితనం కూడా చిన్నది కాదండి.

కోపెన్‌హేగన్ నాన్న
అందరూ బాగా చెప్పారు. ఇంకోటి, కారు లేదు నాకు. ఇందాక చెప్పడం మర్చిపోయా, చిన్నది కూడా ఉంది, రెండేళ్ళు నిండలేదు.

వైలె వాసి
రైల్లో మా ఊరు వైలె దాకా రండి, రెండు గంటల పైచిలుకు. అక్కడినుంచి బిల్లుండ్‌కి బస్సు.

పిల్లల అమ్మ, ఓర్హూస్
అయ్యో, పాప సంగతి ముందే చెప్పాల్సింది. కంగారేం లేదు, చిన్నపిల్లల కోసం డ్యూప్లోలు ఉన్నాయి, మామూలు వాటికి అన్ని వైపులా రెట్టింపు సైజు, నోట్లో పెట్టుకున్నా గొంతులోకి పోవు. మామూలు ముక్కల దగ్గర మాత్రం పాపని ఒక్క నిమిషం కూడా వదలకండి, గుప్పెడు నోట్లో వేసేసుకుంటారు, మా రెండోదాని విషయంలో గుండె ఆగినంత పనైంది. ఇంకా, పెద్దవాళ్ళతో ఒక్కరోజులో కోపెన్‌హేగన్ నుంచి వెళ్ళి రావడం కష్టం, వీలైతే ఒక రాత్రి వైలెలో ఉండండి.

పదాల వేట
డ్యూప్లోకి తెలుగులో ఏమందాం?

కోపెన్‌హేగన్ నాన్న
దొరికాయి. లెగో హౌస్, అదే శనివారం. థాంక్స్ అండీ, పడుకుంటా ఇక.

లక్కబొమ్మ
తిరిగొచ్చాక తాతయ్య ఏం కట్టారో తప్పకుండా రాయండి సోదరా. నరసరావుపేట నుంచి కొండపల్లి ఎంతో దూరం కాదు, వేసవి సెలవులకి పిల్లాడిని తీసుకురండి.

హాంబర్గ్ నుంచి
ఇప్పుడే చూశాను ఈ చర్చ. మేం కారులో వస్తాం, ఏప్రిల్లో. లెగోలాండూ లెగో హౌసూ రెండూ ఒకే రోజు అవుతాయా?