తుంటి మార్పిడి తర్వాత వ్యాయామం: రాత్రికి తొడ బిగుసుకుపోతోంది

మాది తిరుపతి. అమ్మకు 64 ఏళ్లు, కుడి తుంటి మార్పిడి జరిగి ఆరు వారాలైంది. ఎండకు భయపడి ఉదయం ఆరింటికే చేతికర్రతో వీధి చివరి వరకు నడుస్తుంది. దానితో ఇబ్బంది లేదు. నిలబడి కాలు పక్కకు ఎత్తే వ్యాయామం చేసిన రోజు మాత్రం రాత్రి తొమ్మిది దాటాక తొడ బయటి వైపు కండరం బిగుసుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా సలుపుతుంది. కుర్చీలోంచి లేవబోయి, తొడ పట్టుకుని సగంలో ఆగిపోతుంది.

కుట్లు మానాయి. జ్వరం, పిక్కలో వాపు లేవు. ఎక్స్‌రే బాగుందన్నారు. తువ్వాలులో చుట్టిన ఐసు, డాక్టరు రాసిన పారాసెటమాల్ వాడాం, ఎత్తే సార్లు సగానికి తగ్గించాం. ఫిజియోథెరపిస్టు "మామూలే, ఆపకండి" అంటారు. మామూలైతే సంతోషమే, కానీ నిద్ర పట్టాలి కదా!

ఈ దశ దాటినవారు ఈ ఒక్క వ్యాయామాన్ని రోజు విడిచి రోజు చేశారా, రోజూ చేశారా?