లోడ్ లేకపోతే చివర వోల్టేజ్ ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: ఫెరాంటీ ఎఫెక్ట్ దగ్గర ఆగిపోయానండి. పొడవాటి విద్యుత్ సరఫరా లైన్‌లో లోడ్ (కరెంట్ వాడుకునేది) తీసేస్తే అవతలి చివర వోల్టేజ్ మనం పంపినదానికన్నా ఎక్కువ వస్తుందట. డ్రాప్ కదా రావాలి? పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: లైన్‌కీ భూమికీ మధ్య కెపాసిటెన్స్ (చార్జ్ నిల్వ చేసే గుణం) ఉంటుంది కదా, లోడ్ లేకపోయినా దానికి చార్జింగ్ కరెంట్ పారుతూనే ఉంటుంది, అది వోల్టేజ్‌కన్నా 90 డిగ్రీలు ముందుండటం వల్ల లైన్ ఇండక్టెన్స్‌లో (కరెంట్ మార్పుని అడ్డుకునే గుణం) వచ్చే డ్రాప్ చివరి వోల్టేజ్‌కి వ్యతిరేక దిశలో పడుతుంది, అందుకే చివరి వోల్టేజ్ పంపినదానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఫార్ములా బట్టీ పట్టకండి, ఫేజర్ (వోల్టేజ్, కరెంట్‌లని బాణాలుగా చూపే బొమ్మ) గీయండి.

జవాబు 2: నష్టాలు వదిలేస్తే 50 హెర్ట్జ్‌లో 300 కిలోమీటర్లకి పెరుగుదల సుమారు 5 శాతం, 600కి దాదాపు 24. దూరం రెట్టింపైతే పెరుగుదల రెట్టింపుతో ఆగదు, గమనించండి! షంట్ రియాక్టర్లు (లైన్‌కీ భూమికీ మధ్య కలిపే కాయిల్స్) పెట్టేది ఈ పెరుగుదలని తగ్గించడానికే.

ప్రశ్న అడిగినవారు: గీశాను, ఇప్పుడు అర్థమైంది. చాలా థాంక్స్.