పక్క ఊరి వాటర్ ప్లాంటు మా ఊళ్లోనూ నడుస్తుందా?

బోరింగు:
మాది నల్గొండ జిల్లా. పక్క ఊళ్లో మహిళా సంఘం ఆర్వో ప్లాంటు బాగా నడుస్తోంది. గంటకు 1000 లీటర్ల మిషన్, 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. మా సంఘం వాళ్లు అచ్చం అదే పెడదామంటున్నారు. మావి 400 ఇళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా కూడా ఉంది. ఏమేం చూసుకోవాలి?

ఉప్పునీళ్లు:
ముందు మీ నీళ్లకు ఎండాకాలంలో పూర్తి టెస్టు చేయించండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ముంచితే ఫ్లోరైడ్ సంగతి తెలియదు. హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం లవణాలు), సిలికా, ఇనుము కూడా రాయించండి. కాలవ నీళ్ల ఊళ్లకు సరిపోయే యూవీ (అతినీలలోహిత దీపం) మిషన్ మీకు పనికిరాదు, అది క్రిములను చంపుతుందే గానీ ఫ్లోరైడ్‌ను ముట్టుకోదు. హార్డ్‌నెస్ ఎక్కువున్న చోట యాంటీస్కేలెంట్ (సున్నం పట్టకుండా కలిపే మందు) పంపు ఆగిందంటే మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లను వడకట్టే పొర) మీద సున్నం పేరుకుంటుంది. బోరు బదులు నల్లా నీళ్లు పెడితే అందులోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది, కార్బన్ ఫిల్టర్ తప్పనిసరి.

రుచి కోసం బోరు నీళ్లు కలిపే వాల్వు జాగ్రత్త. వడకట్టిన నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, 15 శాతం బోరు నీళ్లు కలిపితే 0.77 అవుతుంది. 30 శాతమైతే 1.34. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి 1, వేరే దిక్కు లేకపోతే 1.5. వాల్వుకు తాళం వేయండి.

సంఘం లెక్కలు:
సగం ఇళ్లు రోజుకో క్యాను కొంటే 200 క్యాన్లు, నెలకు 30,000. ఖర్చులు సుమారుగా: ఆపరేటర్ 12,000, కరెంటు 4,000, ఫిల్టర్లు, మందులు 3,000, మెంబ్రేన్-మోటారు నిధి 5,000. మొత్తం 24,000, అంటే రోజుకు 160 క్యాన్లు అమ్మితేనే గట్టెక్కేది. చాలా ఊళ్లలో ఎగ్గొట్టేది ఆ చివరి 5,000నే. రెండు మూడేళ్లకు మెంబ్రేన్లు పోయేసరికి చేతిలో డబ్బుండదు, ప్లాంటుకు తాళం పడుతుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో వేయండి.

ఇంకోటి, 200 క్యాన్లంటే 4000 లీటర్లే. గంటకు 1000 మిషన్ నాలుగు గంటలు తిరిగి ఖాళీగా ఉంటుంది. 500ది తీసుకుని, పొద్దున రద్దీకి 2000 లీటర్ల ట్యాంకు పెట్టండి. నల్లా నీళ్లు తాగడానికి వాడే ఇళ్లెన్నో ఇంటింటికీ తిరిగి రాసుకున్నాకే ఆర్డరివ్వండి.

బోరింగు:
ఆర్వో వడకట్టగా మిగిలే రిజెక్ట్ నీళ్లు ఎటు వదలాలి?

ఉప్పునీళ్లు:
సగం దాకా రిజెక్ట్ పోతుంది, అందులో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు. బోరు పక్కన ఇంకుడు గుంటలోకి మాత్రం వద్దు, తిరిగి మీ బోరులోకే వస్తుంది. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి వేరే ట్యాంకులో పట్టండి. పశువులకు పెట్టకండి.