హైబ్రిడ్ ఎస్‌యూవీ: వెనక సీటు కింద ఫ్యాన్ హోరు, ఆ వెంటనే ఈవీ మోడ్ కట్

మా హైబ్రిడ్ ఎస్‌యూవీలో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంది. దాన్ని చల్లబరిచే ఫ్యాన్ క్యాబిన్‌లోని గాలినే, సీటు పక్కనున్న చిన్న జాలీలోంచి లాక్కుంటుంది. బండి 1,25,000 కిలోమీటర్లు తిరిగింది.

మధ్యాహ్నం ఎండలో, ట్రాఫిక్‌లో ఓ 20 నిమిషాలు నడిపాక ఆ ఫ్యాన్ ఒక్కసారిగా హెయిర్ డ్రయర్‌లా హోరెత్తుతుంది. ఇక ఈవీ మోడ్ (ఇంజిన్ లేకుండా బ్యాటరీతోనే నడవడం) నిలవదు. ఛార్జ్ గేజ్‌లో సగానికి పైగా గీతలున్నా, గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలోనే ఇంజిన్ ఆన్ అయిపోతుంది. ఉదయం చల్లటి వేళ ఈ గోలేమీ ఉండదు.

జాలీ వెనకున్న ఫిల్టర్ మందంగా దుమ్ము పట్టి ఉంటే కొత్తది వేశాను. తేడా లేదు. ఏసీ 22లో పెట్టి, సీటు మీద సామాన్లేవీ లేకుండా చూశాను. 12 వోల్టుల బ్యాటరీ కూడా మార్చాను (అది దండగ ఖర్చే అనిపిస్తోంది). సర్వీస్ సెంటర్‌లో ఎర్రర్ కోడ్ ఏదీ లేదని, ఇదంతా మామూలేనని పంపేశారు. మామూలైతే పోయిన వేసవిలో ఎందుకు రాలేదో మరి!

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు చూపే పరికరం) పెట్టి చూస్తే, హోరు వచ్చినప్పుడు లోపలికి వెళ్లే గాలి 27 డిగ్రీలు. బ్యాటరీ సెన్సర్లు మూడూ వరుసగా 44, 52, 45. ఎప్పుడు చూసినా మధ్యదే ఎక్కువ. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా బ్యాటరీలోని బ్లాకుల (సెల్స్ గుంపుల) వోల్టేజీల మధ్య తేడా మాత్రం 0.2 వోల్టులు దాటడం లేదు.

ఈ రీడింగులను బట్టి, సీటు విప్పించి ఫ్యాన్ రెక్కలు, గాలి గొట్టం శుభ్రం చేయిస్తే సరిపోతుందా, లేక బ్యాటరీలో మధ్యనున్న మాడ్యూల్ (సెల్స్ ఉండే ఒక్కో పెట్టె) పాడవుతోందనుకోవాలా?