మ్యాచ్‌కి ముందు 'వెల్‌కమ్ టు కంట్రీ' ఇంకా అవసరమా?

సిల్లీపాయింట్:
మెల్‌బోర్న్‌లో ఏ పెద్ద మ్యాచ్‌కి వెళ్ళినా ముందు ఆదివాసీ పెద్దలొచ్చి స్వాగతం పలుకుతారు. ఇక చాలనిపిస్తోంది. పరీక్ష రాసి, ఫీజు కట్టి ఆస్ట్రేలియా పౌరసత్వం తెచ్చుకున్నాను. నా దేశంలోకి నన్ను ఇంకొకరు రమ్మనడమేంటి? 2023 అక్టోబరు రెఫరెండంలో కూడా 60 శాతం జనం 'నో' అన్నారు కదా.

గోదారిగట్టు:
ఆ రెఫరెండం పార్లమెంటుకి సలహా ఇచ్చే ఆదివాసీల మండలి, 'వాయిస్' గురించి, స్వాగతం గురించి కాదు. ఇక్కడ కంట్రీ అంటే ఆస్ట్రేలియా అనే దేశం కాదండీ, వాళ్ళ నేల. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ) ఉన్నది వురుండ్జెరి అనే ఆదివాసీ తెగ వాళ్ళ నేల మీద, అందుకే అక్కడ వాళ్ళ పెద్దలే పలుకుతారు. ఇంటికొచ్చిన అల్లుడికి కాళ్ళకి నీళ్ళిస్తాం చూడండి, అలాంటిది.

సిల్లీపాయింట్:
నేను అల్లుణ్ణి కాదు. టికెట్ కొన్నవాణ్ణి.

కవర్‌డ్రైవ్:
అల్లుడైతే మామగారే కొనిచ్చేవాడు.

సిల్లీపాయింట్:
డిక్షనరీ తీయండి, కంట్రీ అంటే దేశమే. పైగా ఇదేమైనా ప్రాచీనమా? 1976లో పెర్త్‌లో మొదలెట్టారు.

గోదారిగట్టు:
ఆదివాసీ కళాకారులు రిచర్డ్ వాలీ, ఎర్నీ డింగో 1976లో చేసింది ఇప్పటి వేదికల పద్ధతికి మొదలు. బయటి నుంచి వచ్చిన మావోరీ (న్యూజిలాండ్ వైపు ఆదివాసులు) కళాకారులు, ఇక్కడివాళ్ళు రమ్మనకుండా ప్రదర్శన ఇవ్వడానికి ఇబ్బంది పడ్డారు, అందుకని చేశారు. ఒకరి నేల మీదికి అడిగి వెళ్ళే ఆచారం అంతకన్నా ఎంతో పాతది. పెళ్ళిలోకి వీడియో మొన్నొచ్చింది, పెళ్ళి కూడా మొన్నటిదేనా?

స్లిప్‌క్యాచ్:
2025 ఆన్జాక్ డే (యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు) తెల్లవారుజామున, మెల్‌బోర్న్ యుద్ధ స్మారకం దగ్గర స్వాగతం పలుకుతున్న పెద్దాయన మీద గోల చేశారు. చేసినవాళ్ళలో నియోనాజీలున్నారు. ఆ రాత్రి మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు రగ్బీ మ్యాచ్‌లో స్వాగతం లేకుండా పోయింది. మీరెవరి పక్కన నిలబడ్డారో చూసుకోండి.

సిల్లీపాయింట్:
నన్ను నాజీ అంటారా? 2021 సిడ్నీ టెస్టులో మన సిరాజ్‌ని గ్యాలరీ నుంచి తిట్టారని వింటే ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు! మా ఆఫీసులో ప్రతి మీటింగూ ఆదివాసీ పెద్దలకి వందనంతో మొదలవుతుంది. అది చదివే మేనేజరుకి తొమ్మిదేళ్ళైనా నా పేరు పలకడం రాదు.

గోదారిగట్టు:
అది మేనేజరు తప్పు. ఆ పెద్దలేం చేశారు?

సిల్లీపాయింట్:
ఏమీ చెయ్యలేదు. మాది ముంపు గ్రామం. ప్రాజెక్టు నీళ్ళొచ్చిన రోజు మా తాత గుడి గంట ఒక్కటి విప్పుకుని బయటపడ్డాడు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడలు తేలతాయి, పడవలో వెళ్ళి చూసొస్తాం. ఆ నీళ్ళతో మూడు పంటలు పండించుకునే ఊళ్ళలో ఒక్క సభలోనైనా మా ఊరి పేరెత్తారా? ఇక్కడ బంతి పడేముందు ప్రతిసారీ వింటుంటే ఒళ్ళు మండుతుంది.

గోదారిగట్టు:
ఇది ముందే చెప్పుంటే అల్లుడి మాట తెచ్చేవాణ్ణి కాదు. అయినా ఒప్పుకోను. మీ ఊరి పేరెత్తమని అడగాలిగానీ, వీళ్ళ నోరు మూయమంటారా?

సిల్లీపాయింట్:
అడిగాం. అడిగీ అడిగీ మా నాన్న పోయాడు.

కవర్‌డ్రైవ్:
డిసెంబరు 26న ఎంసీజీలో మొదలయ్యే బాక్సింగ్ డే టెస్టుకి ఎవరెవరు? 2024లో మన నితీశ్ రెడ్డి సెంచరీ కొట్టినప్పుడు కూర్చున్న స్టాండ్‌లోనే తీసుకుందాం.

సిల్లీపాయింట్:
నాకొకటి. స్వాగతం అయ్యాకే లోపలికొస్తా.