హెచ్. పైలోరీ: మూడు మందుల కోర్సా, బిస్మత్‌తో నాలుగు మందులదా?

ప్రశ్న:
ఎండోస్కోపీలో హెచ్. పైలోరీ (పొట్టలో పుండ్లు తెచ్చే బాక్టీరియా) తేలిన పెద్దవాళ్ళకి మొదటి కోర్సుగా ఏది నయం? ట్రిపుల్ థెరపీ అయితే పీపీఐ (పొట్టలో యాసిడ్ తగ్గించే మందు), అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ రెండుపూటలా వేసుకుంటే అయిపోతుంది. బిస్మత్ కోర్సంటే నాలుగు పూటలా గుప్పెడు మాత్రలు, సగంలో మానేస్తారేమోనని అనుమానం. పేషెంటుకి పెన్సిలిన్ ఎలర్జీ లేదు. రెండేళ్ళ కిందట దగ్గుకి అజిత్రోమైసిన్ వాడారు. ఆ ఒక్కసారికే లెక్క మారుతుందా?

జవాబు 1:
మారుతుందండీ. అజిత్రో, క్లారిత్రో రెండూ మాక్రోలైడ్లే, అంటే ఒకే కుటుంబం యాంటీబయాటిక్స్. దగ్గుకి వేసిన మందు పొట్టలోని పైలోరీని కూడా తాకుతుంది, తట్టుకున్నవి మిగులుతాయి. బాక్టీరియా రైబోజోమ్ (ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) లోని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారితే చాలు (ఎక్కువగా కనిపించేది ఏ2143జీ), క్లారిత్రో రైబోజోమ్‌కి అతుక్కోదు. డోసు పెంచినా ప్రయోజనం ఉండదు. బిస్మత్ కోర్సులో ఉండే మెట్రోనిడజోల్ అలా కాదు. ల్యాబ్‌లో రెసిస్టెంట్ (బాక్టీరియా మందును తట్టుకుంటోంది) అని వచ్చినా, రోజుకు 1500 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చి, పక్కన బిస్మత్ పెట్టి, 14 రోజులు వాడితే చాలామందిలో పని చేస్తుంది. రెండు కోర్సులకీ అసలు తేడా ఇదే.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ 2024 మార్గదర్శకాల్లోనూ మొదటి ఎంపిక 14 రోజుల బిస్మత్ క్వాడ్రపుల్, అంటే నాలుగు మందుల కోర్సే. డోసులివి: పీపీఐ రెండుపూటలా, తిండికి అరగంట ముందు. బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 నుంచి 300 మి.గ్రా., టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా., రెండూ రోజుకు నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. మూడు లేదా నాలుగుసార్లు.

జవాబు 2:
పైన చెప్పినదానికి ఒక్క సవరణ. కల్చర్‌లోనో (బాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) పీసీఆర్‌లోనో (జన్యు పరీక్ష) క్లారిత్రో పనిచేస్తుందని తేలితే ట్రిపుల్‌కి అడ్డేమీ లేదు: క్లారిత్రో 500 మి.గ్రా., అమాక్సిసిలిన్ 1 గ్రాము, రెండుపూటలా, 14 రోజులు. 7 రోజుల ప్యాక్ చాలదు. సింవాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) వాడేవాళ్ళకి మాత్రం క్లారిత్రో కలపకూడదు, కండరాలు దెబ్బతింటాయి.

ఇక బిస్మత్ కోర్సు ఎక్కువగా చెడేది చీటీ మీదే. టెట్రాసైక్లిన్ దొరకలేదని డాక్సీసైక్లిన్ రాసేస్తారు. రెండూ చుట్టాలే గానీ పైలోరీ దగ్గర ఫలితం తక్కువ. రెండోది మెట్రోనిడజోల్. 400 మి.గ్రా. బిళ్ళ మూడుపూటలా వేస్తే 1200 దగ్గరే ఆగిపోతుంది, నాలుగుపూటలా అయితే 1600. ఆ నాలుగో బిళ్ళే తేడా తెస్తుంది.

పాలు, ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ టెట్రాసైక్లిన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వవు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రాత్రి డోసు గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు. క్యాప్సూల్ గొంతులో నిలిచిపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. గర్భిణులకి టెట్రాసైక్లిన్ వద్దు.

ముందే చెప్పకపోతే పేషెంట్లు హడలిపోయేది: బిస్మత్‌తో మలం, నాలుక నల్లబడతాయి. అది మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తూ కళ్ళు తిరుగుతుంటే అది రక్తస్రావం, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మద్యం కోర్సు పొడవునా, ఆ తర్వాత మూడు రోజులూ ముట్టకూడదు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మీదున్నవాళ్ళకి మెట్రోనిడజోల్‌తో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష విలువ) పెరుగుతుంది.

అడిగినవారు:
అర్థమైంది, బిస్మతే. మరి రోజుకు పదమూడు పద్నాలుగు మాత్రలు మింగలేని వాళ్ళకి?

జవాబు 3:
వోనోప్రాజాన్ (యాసిడ్ తగ్గించే మరో రకం మందు) దొరికే చోట డ్యుయల్ థెరపీ, అంటే రెండు మందుల కోర్సు ఉంది: వోనోప్రాజాన్ 20 మి.గ్రా. రెండుపూటలా, అమాక్సిసిలిన్ 1 గ్రాము మూడుపూటలా, 14 రోజులు. అమాక్సిసిలిన్‌కి రెసిస్టెన్స్ అరుదు, పైగా వోనోప్రాజాన్‌ని తిండికి ముందా తర్వాతా అని చూడనక్కర్లేదు. పెన్సిలిన్ ఎలర్జీ ఉంటే ఈ దారి మూసుకుపోతుంది, మళ్ళీ బిస్మత్ దగ్గరికే రావాలి.

ఏ కోర్సైనా తగ్గిందో లేదో పరీక్ష చేయాల్సిందే. నొప్పి పోయినంత మాత్రాన బాక్టీరియా పోయినట్టు కాదు. యాంటీబయాటిక్స్ అయ్యాక 4 వారాలు ఆగి యూరియా బ్రెత్ టెస్టో, మలంలో యాంటిజెన్ పరీక్షో చేయించండి. అంతకు 2 వారాల ముందే పీపీఐ ఆపాలి, లేకపోతే బాక్టీరియా ఉన్నా నెగెటివ్ రావచ్చు. ఆ రెండు వారాలూ మంటకి ఫామోటిడిన్ (పీపీఐ కాని యాసిడ్ మందు) ఇవ్వవచ్చు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ దండగ, బాక్టీరియా పోయాక కూడా చాలాకాలం పాజిటివ్‌గానే ఉంటుంది.

మళ్ళీ పాజిటివ్ వస్తే, ఒకసారి వాడిన క్లారిత్రోని రెండోసారి వాడొద్దు. లీవోఫ్లాక్సాసిన్ (మరో యాంటీబయాటిక్) కూడా సెన్సిటివిటీ, అంటే బాక్టీరియా మీద పనిచేస్తుందో లేదో చూడకుండా రాయకండి.